ఉత్క్రమజ్య – ‘వర్స్‌డ్ సైన్’ : ఒక పారిభాషికపదమూలవిచారము

ఆంగ్లభాషయందలి త్రికోణమితిగ్రంథములలో ‘వర్స్‌డ్ సైన్’ అను పదమొకటి కలదు. నేటి పాఠ్యపుస్తకములలో ఇది దాదాపుగా లుప్తమైనది. సైన్, కోసైన్, టాంజెంట్ అను మూడును విద్యార్థులకు కంఠస్థములు. వర్స్‌డ్ సైన్ పేరు విన్నవారు అధ్యాపకులలో సైతము అరుదు. ఒకటినుండి కోసైనును తీసివేయగా మిగులునది వర్స్‌డ్ సైన్ అని దాని లక్షణము. లక్షణము సుబోధమే, నామమే దుర్బోధము. ‘వర్స్‌డ్’ అనునది లాటిన్ భాషయందలి ‘వెర్సుస్’ శబ్దమునుండి వచ్చినది. ‘త్రిప్పబడినది’ అని దాని అర్థము. ఏది త్రిప్పబడినది? ఎందులకు త్రిప్పబడినది? వృత్తమును గీచి చూచినచో ఆ రేఖలో తలక్రిందైనదేదియు కానరాదు. నిలువుగా నున్న సైన్ రేఖను అడ్డముగా త్రిప్పి వ్యాసముపై పరుండబెట్టినట్లున్నందున ఈ పేరు కలిగినదని కొందరు సమర్థింతురు. కాని ఈ సమర్థనము నిలువదు. రెండు రేఖల పరిమాణములు సాధారణముగా భిన్నములు. ఒక రేఖను త్రిప్పినంతమాత్రమున దాని పొడవు మారదు గదా.

ఈ ప్రశ్నకు సమాధానము సూర్యసిద్ధాంతాది గ్రంథములందలి జ్యాసాధనప్రక్రియలో నున్నది. దానిని లెక్కతో సహా నిరూపించుటయు, అట్టి నిరూపణము ఎంతవరకు చెల్లునో సూచించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనములు.

ధనుస్సు – జ్య – శరము

వృత్తపరిధిలో ఒక ఖండమును గ్రహించి, దాని రెండు కొనలను సరళరేఖతో కలిపినచో ఎక్కుపెట్టిన వింటి ఆకృతి ఏర్పడును. పరిధిఖండమునకు ధనుస్సు, చాపము అనియు, కొనలను కలుపు రేఖకు జ్య, జీవ, మౌర్వి అనియు, జ్యామధ్యమునుండి చాపమధ్యము వరకుగల రేఖకు శరము, బాణము, ఇషువు అనియు మన గణితశాస్త్రమున వ్యవహారము. విల్లు, నారి, బాణము అను మూడును ఒకే రూపకమునకు అంగములు. ఒక పేరు స్ఫురించినంతనే తక్కిన రెండును వెంటవచ్చును.

ఈ మూడింటికి గల సంబంధమును ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయమున గణితపాదమందు సూత్రించెను. జ్యకు ఇరువైపుల నేర్పడు రెండు శరముల గుణితము అర్ధజ్యయొక్క వర్గమునకు సమానమని దాని తాత్పర్యము. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో ఇచ్చిన ఉదాహరణముచే ఇది స్పష్టమగును. వ్యాసము 10, జ్య 6 అయినచో శరమెంత? జ్యావ్యాసముల మొత్తము 16, అంతరము 4, వాని గుణితము 64, మూలము 8. దీనిని వ్యాసమైన 10నుండి తీసివేయగా 2. అందు సగము 1. కావున శరము 1. రెండవ వైపు శరము 9. ఒకటిని తొమ్మిదిచే గుణింపగా 9. అర్ధజ్య అయిన 3 యొక్క వర్గమును 9యే. ఆర్యభటసూత్రము ఇట్లు సంవదించుచున్నది.

ఈ ఉదాహరణములో గమనింపవలసిన విశేషమొకటి కలదు. లీలావతిలో జ్య యనగా రెండు కొనలను కలుపు పూర్ణరేఖ. అదే భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణియందు గ్రహగణితము చెప్పునపుడు జ్యాశబ్దమును అర్ధజ్యకు వాడును. అర్ధజ్య యనవలసినచోట లాఘవము కొఱకు జ్య యనుట సిద్ధాంతగ్రంథములలో రూఢి. క్రీ.శ. 2వ శతాబ్దివాడైన టాలెమీ తన జ్యౌతిషగ్రంథమున పూర్ణజ్యలపట్టికనే కూర్చెను. అర్ధజ్యను ప్రధానముగా గ్రహించుట భారతీయుల మార్గము. నేటి సైన్ అర్ధజ్యయే గాని పూర్ణజ్య కాదు. ఈ భేదము విస్మృతమైనచో శ్లోకార్థము రెండింతలుగ నైనను, సగముగ నైనను తప్పును.

శరశబ్దమునకు గూడ అనేకార్థత్వము కలదు. క్షేత్రగణితమున శరము చాపోన్నతి. గ్రహణాధికారమున శరము విక్షేపము, అనగా క్రాంతివృత్తమునుండి గ్రహమునకుగల యామ్యోత్తరాంతరము. భూతసంఖ్యలలో శరము అయిదు. ప్రకరణమును బట్టి అర్థము నిర్ణేయము.

క్రమము – ఉత్క్రమము

ఇక ‘త్రిప్పబడుట’ యన నేమో చూడవలసియున్నది. వృత్తపాదమును, అనగా 90 అంశలను, 24 సమభాగములు చేసినచో ఒక్కొక్క భాగము 225 కలలు. వ్యాసార్ధము, అనగా త్రిజ్య, 3438 కలలు. ఒక్కొక్క భాగము గడచినకొలది అర్ధజ్య ఎంత పెరుగునో ఆ వృద్ధులకు ఖండజ్యలని పేరు. ఆర్యభటుడు గీతికాపాదమున తన అక్షరసంఖ్యాపద్ధతిలో వీనిని చెప్పెను. అవి వరుసగా 225, 224, 222, 219, 215, 210, 205, 199, 191, 183, 174, 164, 154, 143, 131, 119, 106, 93, 79, 65, 51, 37, 22, 7. ఈ 24 సంఖ్యల మొత్తము సరిగా 3438.

వీనిని మొదటినుండి క్రమముగా కూడుకొనుచు పోయినచో 225, 449, 671, 890, 1105, 1315, 1520, 1719 అని పిండజ్యలు లభించును. ఎనిమిదవది 30 అంశలకు చెందినది. 1719 అనునది 3438లో సరిగా సగము. 30 అంశల సైన్ అర్ధమని నేటి విద్యార్థి నేర్చుకొనునది ఇదియే. క్రమముగా కూడుటచే వచ్చినవి గావున ఇవి క్రమజ్యలు.

అవే ఖండజ్యలను చివరినుండి వెనుకకు కూడినచో నేమగును? మొదట 7, దానికి 22 చేర్ప 29, 37 చేర్ప 66, 51 చేర్ప 117, 65 చేర్ప 182. ఇట్లు పోగా పదునారవది, అనగా 60 అంశలకు చెందినది, 1719, ఇరువదినాలుగవది 3438. వరుసను తలక్రిందు చేసి కూడుటచే వచ్చినవి గావున ఇవి ఉత్క్రమజ్యలు. సూర్యసిద్ధాంతము స్పష్టాధికారమున ఈ సంఖ్యలనే పఠించినది. పిండజ్యలను కడపటినుండి ఉత్క్రమముగా గ్రహించి వ్యాసార్ధమునుండి తీసివేయవలెనని అందలి విధి. ఇరువదిమూడవ పిండజ్య 3431. దానిని 3438నుండి తీసివేయగా 7. ఇరువదిరెండవది 3409, తీసివేయగా 29. ఇరువదియొకటవది 3372, తీసివేయగా 66. వెనుకనుండి కూడినను, వెనుకనుండి తీసివేసినను ఫలమొక్కటే.

ఇందులకు ఉపపత్తియు సులభము. ఖండజ్యల మొత్తము త్రిజ్య. చివరి కొన్నింటి మొత్తము త్రిజ్యనుండి మొదటివాని మొత్తమును తీసివేయగా మిగిలినది. మొదటివాని మొత్తము కోటిజ్య. కావున ఉత్క్రమజ్య త్రిజ్యాకోటిజ్యల అంతరము. అదియే శరము. ఒకటినుండి కోసైనును తీసివేయుట యను నేటి లక్షణము దీనికి రూపాంతరమాత్రము.

త్రిప్పబడినది రేఖ కాదనియు, సంఖ్యల వరుస యనియు దీనిచే తేలుచున్నది. ఆకృతిని మాత్రమే చూచువానికి ఈ నామము అర్థము కాదు. పట్టికను కూర్చినవానికే అర్థమగును. పేరు పుట్టినచోటు గణకుని పలక.

బాగ్దాదునుండి టోలెడో వరకు

8వ శతాబ్ది ఉత్తరార్ధమున, అబ్బాసీ ఖలీఫాయైన అల్ మన్సూరు పాలించిన కాలమున (754–775), భారతీయ జ్యౌతిషసిద్ధాంతము బాగ్దాదు చేరినది. సిద్ధాంతశబ్దము అచట ‘సింద్‌హింద్’ అయినది. జీవాశబ్దము అరబ్బీలో ‘జీబా’ అయినది. ఆ భాషలో వకారధ్వనికి బదులు బకారమును వాడిరి. అరబ్బీ లేఖనమున హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. అందుచే జీమ్, యా, బా అను మూడక్షరములను చూచినవారికి తమ భాషలో ముందే యున్న ‘జైబ్’ అను శబ్దము స్ఫురించినది. జైబ్ అనగా అంగరఖాయొక్క రొమ్ముభాగమున నుండు మడత, ఒడి.

12వ శతాబ్దిలో స్పెయిను దేశమున అరబ్బీగ్రంథములు లాటినునకు అనువదింపబడినవి. బాత్ పురవాసియైన అడెలార్డు 1126లో అల్ ఖ్వారిజ్మీ పట్టికలను అనువదించుచు ఈ పదమును అర్థము చేయక లాటిన్ లిపిలోనే ఉంచెను. అనంతరానువాదకులు మడత యను అర్థమును గ్రహించి ‘సైనుస్’ అనిరి. ఈ అనువాదమును కొందరు టోలెడోయందు పనిచేసిన క్రెమోనా పురవాసి గెరార్డునకును, కొందరు చెస్టరు పురవాసి రాబర్టునకును ఆరోపింతురు. సైనుస్ ఆంగ్లమున సైన్ అయినది. వింటినారి ఇట్లు వస్త్రపు మడతగా మారినది. ఇది చరిత్రకారులకు సుపరిచితమైన కథ.

అంతగా ప్రచారము లేనిది ఉత్క్రమజ్య కథ. అరబ్బీ గణకులు క్రమజ్యను ‘జైబ్ ముస్తవీ’ యనిరి. ముస్తవీ యనగా సమమైనది, సరళమైనది. ఉత్క్రమజ్యను ‘జైబ్ మాకూస్’ అనిరి. మాకూస్ అనగా తలక్రిందు చేయబడినది. లాటిన్ అనువాదకులు మొదటిదానిని ‘సైనుస్ రెక్టుస్’ అనియు, రెండవదానిని ‘సైనుస్ వెర్సుస్’ అనియు పలికిరి. క్రమ, ముస్తవీ, రెక్టుస్. ఉత్క్రమ, మాకూస్, వెర్సుస్ – ఈ రెండు వరుసలును అద్దమున ప్రతిబింబమువలె పరస్పరము సరిపోవుచున్నవి. విశేష్యమైన జీవాశబ్దము దారిలో అర్థమును కోల్పోయినది. విశేషణమైన ఉత్క్రమశబ్దము మూడు భాషలు మారియు అర్థమును కోల్పోలేదు. ధ్వనిని మోసికొనిపోయినది చెడినది. అర్థమును మోసికొనిపోయినది నిలిచినది. అయితే ఉత్క్రమముగా కూడెడి ప్రక్రియ మఱుగుపడినందున, నిలిచిన అర్థమునకును హేతువు తెలియక పోయినది.

ప్రమాణములకు గల అవధి

ఇచట ఒక హెచ్చరిక ఆవశ్యకము. ఆంగ్లమున చాపమునకు ఆర్క్, పూర్ణజ్యకు కార్డ్, శరమునకు సాజిట్టా అని పేర్లు. ఆర్క్ లాటినున విల్లు. కార్డ్ గ్రీకు మూలమున ప్రేగుతో చేసిన తంత్రి. సాజిట్టా లాటినున బాణము. విల్లు, నారి, బాణము మూడును ఉన్నవి గావున ఇవన్నియు సంస్కృతానువాదములే యని చెప్పుటకు ఉత్సాహము కలుగుట సహజము. కాని రూపకసామ్యమాత్రము ఋణత్వమునకు ప్రమాణము కాజాలదు.

చీనాదేశపు ప్రాచీనగణితగ్రంథమైన ‘నవాధ్యాయి’లో వృత్తఖండాకారమైన పొలము విల్లుపొలముగను, దాని పూర్ణజ్య నారిగను, ఉన్నతి బాణముగను చెప్పబడినవి. నారిని బాణముచే గుణించి, బాణవర్గమును చేర్చి, సగము చేసినచో వైశాల్యము వచ్చునని అందలి స్థూలవిధి. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ధనురాకారక్షేత్రమునకు చెప్పిన స్థూలవిధియు ఫలమున ఇదియే. ఈ గణితసారసంగ్రహమే పావులూరి మల్లన చేతిలో తెలుగున సారసంగ్రహగణితమైనది. అంతమాత్రముచే మహావీరుడు చీనానుండి గ్రహించెననిగాని, చీనావారు భారతదేశమునుండి గ్రహించిరనిగాని నిర్ణయింపరాదు. విల్లు ఎక్కుపెట్టుట ఎరిగిన ప్రతిజాతికిని వృత్తఖండములో విల్లు కనబడవచ్చును.

అల్ ఖ్వారిజ్మీ తన బీజగణితగ్రంథములోని క్షేత్రమాన భాగమున శరమును బాణార్థకమైన ‘సహ్మ్’ శబ్దముతోనే వ్యవహరించెను. సాజిట్టా శబ్దము సహ్మ్ శబ్దమునకు అనువాదమనుట యుక్తము. ఆ సహ్మ్ శబ్దమునకు శరశబ్దమే మూలమనుట సంభావ్యము, సిద్ధము కాదు.

ఉత్క్రమజ్య విషయము దీనికి భిన్నము. విల్లును చూచి బాణము అనుట ఎవ్వరికైనను తోచును. శరమును చూచి ‘తలక్రిందైన అర్ధజ్య’ అనుట, ఖండజ్యలను వెనుకనుండి లెక్కించిన సంప్రదాయమునకు గాక అన్యులకు తోచదు. ప్రక్రియనుండి పుట్టిన పేరు ఆ ప్రక్రియ లేనిచోట స్వతంత్రముగా పుట్టుట దుర్ఘటము. కావున ధ్వనిసామ్యము దుర్బలమైన సాక్షి, రూపకసామ్యము మధ్యమము, ప్రక్రియాసామ్యము ప్రబలము. ‘వర్స్‌డ్ సైన్’ మూలనిర్ణయము ఈ మూడవదానిపై నిలిచియున్నది. సంస్కృతమునకు గౌరవము తెచ్చునదియు ఇట్టి పరీక్షకు నిలుచు నిర్ణయమే. పరీక్షింపక చేసిన ప్రశంస పరులు ప్రశ్నించిన మొదటి దినమున కూలును.

పాలమూరు సీమలో మూడు పేర్లు

ఈ పదముల ప్రయాణములోని శాఖలు మూడును ఒకేచోట కలిసిన ప్రదేశములు కొన్ని కలవు. పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన తిమ్మాజిపేటను, దాని పరిసరసీమను ఉదాహరణముగా గ్రహింపవచ్చును. 1948 వరకు ఈ సీమ నిజాముల హైదరాబాదు రాజ్యమున నుండెను. పాలమూరు సంస్థానములైన గద్వాల, వనపర్తులయందు సంస్కృతపండితులకు ఆదరము లభించుచుండెను. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యని ప్రసిద్ధి. సిద్ధాంతగణితము చదివినవానికి అర్ధజ్య ‘జ్య’. అదే రాజ్యమున ఉన్నతవిద్యకు ఉర్దూ బోధనభాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితశాస్త్రము సైతము ఉర్దూలో బోధింపబడినది. ఉర్దూ గణితపరిభాషలో అర్ధజ్య ‘జైబ్’. తదనంతరము తెలుగు, ఆంగ్లమాధ్యమములలో చదివినవానికి అది ‘సైన్’. తాతకు జ్య, తండ్రికి జైబ్, మనుమనికి సైన్. ముగ్గురును చెప్పినది ఒకే రేఖను. ఒకరి పదము మఱియొకరి పదమే యని ముగ్గురిలో నెవ్వరికిని తెలియుటకు అవకాశము లేకుండెను.

మఱియొక విచిత్రము కలదు. తిమ్మాజిపేట సంతలో పైకము దాచుకొనువాడు ‘జేబు’ అనును. ఈ తెలుగుమాట పారసీక ఉర్దూల ద్వారా వచ్చిన అరబ్బీ ‘జైబ్’ శబ్దమే. అయినను జేబు జ్యాశబ్దభవము కాదు. జ్యనుండి వచ్చిన జీబాను ఏ మడతపేరుగా పొరపాటున చదివిరో, ఆ మడతపేరునుండి జేబు వచ్చినది. జేబు అరబ్బీకి సొంతబిడ్డ. సైన్ జ్యకు పెంపుడింటిపేరుతో పెరిగిన బిడ్డ. ఈ వివేకము లేనిచో జేబునకును సంస్కృతవ్యుత్పత్తి కల్పించు ప్రమాదము కలదు.

బోధనమున దీని ఉపయోగము

ఈ విచారము పదవినోదముతో ముగియునది కాదు. తెలుగు పాఠ్యపుస్తకములలో నేడు జ్య యనగా పూర్ణజ్య, అనగా కార్డ్, చాపమనగా ఆర్క్, సైన్ మాత్రము సైన్‌గానే యున్నది. ఈ పరిభాష లీలావతిలోని వాడుకతో సరిపోవుచున్నది గావున దోషము కాదు. కాని ఈ పరిభాషతో పెరిగిన విద్యార్థి ప్రాచ్యకళాశాలలో సూర్యసిద్ధాంతమును తెరచి ‘జ్య’ యను పదము చూచినచో పూర్ణజ్యనే గ్రహించును. 30 అంశల జ్య 1719 అని చదివి గ్రంథము తప్పనుకొనును. ఏలయన 30 అంశల చాపమునకు పూర్ణజ్య 1780 కలలకు సమీపము. గ్రంథము తప్పలేదు, పరిభాష మారినది.

ఉత్క్రమజ్య విషయమున హాని ఇంకను అధికము. గ్రహణగణితములో వలనసాధనకు లల్లుడు ఉత్క్రమజ్యను వినియోగించెను. భాస్కరాచార్యుడు దానిని ఖండించి క్రమజ్యయే గ్రాహ్యమని సయుక్తికముగా స్థాపించెను. ఉత్క్రమమనగా ఏదో ‘వ్యతిరేకము’ అని మాత్రము చెప్పి విడిచినచో ఈ వాదమంతయు శబ్దకలహముగా తోచును. క్రమజ్య మొదట వేగముగా పెరిగి చివర మందగించుననియు, ఉత్క్రమజ్య మొదట మందముగా పెరిగి చివర వేగించుననియు పై సంఖ్యలతో చూపినచో, ఒకదానికి బదులు మఱియొకటి వాడుటచే ఫలమెట్లు మారునో విద్యార్థికి ప్రత్యక్షమగును. మొదటి 225 కలలకు క్రమజ్య 225. ఉత్క్రమజ్య కేవలము 7.

కావున సిద్ధాంతపాఠము ప్రారంభించుటకు ముందు అధ్యాపకుడు మూడు పనులు చేయుట మేలు. జ్యాశబ్దము ఆ గ్రంథమున పూర్ణజ్యయో అర్ధజ్యయో తెలుపుట మొదటిది. శరశబ్దము చాపోన్నతియో, విక్షేపమో, అయిదో ప్రకరణమును బట్టి నిర్ణయించుట రెండవది. ఖండజ్యలు ఇరువదినాలుగింటిని పలకపై వ్రాయించి, ముందునుండి ఒకసారి, వెనుకనుండి ఒకసారి విద్యార్థిచేతనే కూడించుట మూడవది. ఈ మూడవపని గడియసేపటిలో ముగియును. ఉత్క్రమశబ్దమునకు ఆ తరువాత వ్యాఖ్యానము అక్కరలేదు.

వర్స్‌డ్ సైన్ ఆంగ్లమునను పూర్తిగా మృతము కాలేదు. దాని సగమునకు ‘హావర్సైన్’ అని 1835లో జేమ్స్ ఇన్మన్ నౌకాయానగ్రంథమున పేరిడెను. భూగోళముపై రెండు స్థలముల దూరమును లెక్కించుటకు ఆ సూత్రము నేటికిని ఉపయోగపడుచున్నది. 1860లో ఎబెనీజర్ బర్జెస్ సూర్యసిద్ధాంతమును ఆంగ్లీకరించుచు ఉత్క్రమజ్యాపదమునకు ‘వర్స్‌డ్ సైన్’ అని వ్రాసెను. అనువాదకునకు తగిన పదము సిద్ధముగా లభించినది. ఏడువందల యేండ్లకు పూర్వము టోలెడోలో అరబ్బీద్వారా ఆ ఉత్క్రమశబ్దమే అనువదింపబడియుండుటచే అది లభించినది. ఇల్లు విడిచిన పదము వేషము మార్చికొని ఆ పుటలో తన మూలశబ్దమునెదుట నిలిచినది. దానిని గుర్తింపవలసినవారు ఆ గ్రంథమును మూలములో చదివి బోధించువారు.